తలకిందులుగా గీస్తేనే తిన్నగా కనబడుతుంది

(విజయనగరంలో ప్రాథమిక తరగతుల ఉపాధ్యాయులకు, పిల్లల తల్లిదండ్రులకు చేసిన ప్రసంగం. మాట తీరు మార్చకుండా రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. ఒక్కొక్కరి ముందూ ఒక పాత శుభలేఖ, ఒక గాజు, మూడు మూరల పురికొస, నల్ల స్కెచ్ పెన్ను, కత్తెర, దబ్బనం ఉన్నాయి చూసుకోండి. దబ్బనం మాత్రం పిల్లల చేతికి ఇవ్వొద్దు, కన్నాలు మీరే పొడవండి. మిగతా పనంతా వాళ్లదే.

మనం చేయబోయే బొమ్మ అసలు పేరు థామట్రోప్. 1825లో లండన్‌లో దీన్ని జనంలోకి తెచ్చింది జాన్ ఆయర్టన్ పారిస్ అనే వైద్యుడని చెబుతారు. గుండ్రటి అట్టకు ఒకవైపు పిట్ట, రెండోవైపు పంజరం. తిప్పితే పిట్ట పంజరంలో పడుతుంది. ఆ పేరు మన గుంటలకు నోరు తిరగదు కాబట్టి తిప్పుడుబిళ్ల అనుకుందాం.

ముందు అట్ట సంగతి. శుభలేఖలు ప్రతి ఇంట్లో అటక మీద కట్టలు కట్టలుగా ఉంటాయి. పైన దేవుడి బొమ్మ ఉంటుంది కాబట్టి పారేయడానికి ఎవరికీ మనసొప్పదు. దేవుడి బొమ్మ ఉన్న పేజీ పక్కన పెట్టి, మిగిలిన పేజీ వాడండి. మెరుపు పూత ఉన్న వైపు స్కెచ్ పెన్ను సిరా ఆరదు, వేలు తగిలితే చాలు అలికిపోతుంది. అందుకని గరుకు వైపు పైకి వచ్చేలా రెండు పొరలు అతికించాలి. రెండువైపులా మెరుపే అయితే నోటు పుస్తకంలోని తెల్ల కాగితం అతికించండి. జిగురు పల్చగా రాసి, బియ్యం డబ్బా కింద రాత్రంతా పెట్టాలి. ఇక్కడ తొందరపడితే అట్ట అప్పడంలా వంగుతుంది. వంగిన అట్ట గాలికి కొట్టుకుంటుంది, ఎంత తిప్పినా వేగం అందుకోదు. బిస్కెట్ డబ్బా అట్ట, సబ్బు పెట్టె అట్ట అయితే ఒక్క పొర చాలు. ప్యాకింగ్ పెట్టెల గళ్ల అట్ట మాత్రం వద్దు, బరువు, పైగా అంచు నలిగిపోతుంది.

గుండ్రంగా గీయడానికి గాజు ఉంది. గాజుల సైజు లెక్క చాలామంది తల్లులకు తెలుసు కానీ దాని వెనక కొలత తెలియదు. రెండు-ఎనిమిది అంటే లోపలి వ్యాసం రెండు అంగుళాలు, ఆపైన పదహారింట ఎనిమిది వంతులు. అంటే రెండున్నర అంగుళాలు. రెండు-నాలుగు అంటే రెండుంబావు. రెండు-ఎనిమిది గాజును అట్ట మీద పెట్టి బయటి అంచు వెంట గీస్తే, గాజు మందం కూడా కలిసి, దాదాపు 7 సెంటీమీటర్ల బిళ్ల వస్తుంది. మన పనికి సరిగ్గా అదే సైజు. 10 సెంటీమీటర్లు దాటితే పిల్లల వేళ్ల బలం చాలదు, 5 కంటే తగ్గితే బొమ్మ గీయడానికి చోటుండదు.

కత్తిరించాక బిళ్ల మధ్యగా ఒక అడ్డగీత గీయండి, సన్నగా, పెన్సిలుతో. ఆ గీత రెండు చివర్లా, అంచుకు అర సెంటీమీటరు లోపల కన్నాలు. పొడిచే చోట ముందే రెండువైపులా సెల్లో టేపు ముక్క అంటించండి, లేకపోతే పది లాగుళ్లకే కన్నం అంచుదాకా చిరిగిపోతుంది.

ఎక్కువమంది తప్పు చేసేది ఈ కన్నాల దగ్గరే. రెండు కన్నాలూ బిళ్ల మధ్యగీత మీదే ఉండాలి. రెండూ మూడు మిల్లీమీటర్లు పైకి జరిగాయనుకోండి, కింది సగం బరువెక్కి బిళ్ల లోలకంలా వేలాడుతుంది. తిప్పినప్పుడు ఒక వైపు తిరగడానికి ఓపిక పడుతుంది, రెండో వైపు దబ్బున పడుతుంది. చూడ్డం తేలిక. దారం కట్టాక రెండు చేతులా వదులుగా పట్టుకుని బిళ్లను ఏ వాటంగా పెడితే ఆ వాటంగా నిలవాలి. నిలవకుండా ఒకే వైపు వాలిపోతోందంటే కన్నం మళ్లీ పొడవడమే. టేపు అంటించిన పాత కన్నం ఏ ఇబ్బందీ పెట్టదు.

దారం పురికొస అయితే మంచిది. చేపల వల దారం, నైలాను దారం జారిపోతాయి, మెలి నిలవదు. పొందూరు ఖద్దరు నూలు లాంటి సన్నని నూలయితే రెండు లాగుళ్లకే వేలు కోస్తుంది. ఒక్కో వైపుకి 60 సెంటీమీటర్ల ముక్క తీసుకుని, సగానికి మడిచి, ఆ మడతను కన్నంలోంచి దూర్చి, రెండు కొసలనూ ఆ మడతలోంచి లాగండి. ముడి అక్కర్లేదు, తనే బిగుస్తుంది. రెండు కొసలూ చివర కలిపి కట్టేస్తే చూపుడువేలు దూర్చడానికి ఉచ్చు తయారు.

ఇప్పుడు బొమ్మ. ఒకవైపు పంజరం గీయండి, నిట్టనిలువు కమ్మీలు ఐదారు చాలు. రెండోవైపు చిలక గీయమంటే ఏం చేస్తారు? పుస్తకంలో పేజీ తిప్పినట్టు బిళ్లను కుడి నుంచి ఎడమకు తిప్పి, చిలకను తిన్నగా గీస్తారు. దారం మెలిపెట్టి లాగుతారు. చిలక పంజరంలో పడుతుంది, కానీ కాళ్లు పైకి, తల కిందికి. (నవ్వులు) గది నిండా తలకిందులు చిలకలే. అలా రానివ్వండి. ముందే హెచ్చరించకండి. "ఏటి టీచర్, ఇలా పడింది?" అని వాళ్లు అడిగేదాకా ఓపిక పట్టండి.

కారణం చేతిలోనే ఉంది. బిళ్లను మెల్లగా, దారం పట్టుకునే, ఒక్క చుట్టు తిప్పి చూపించండి. దారం అడ్డంగా ఉంది. కాబట్టి బిళ్ల పైఅంచు ముందుకు వచ్చి కిందికి పోతుంది, కింది అంచు పైకి వస్తుంది. అట్టు తిరగేసినట్టు. పేజీ తిరగేసినట్టు కాదు. అందుకని రెండో బొమ్మ గీసేటప్పుడు బిళ్లను దారాల మీదుగా, అట్టు తిరగేసినట్టు, పై నుంచి కిందికి తిరగేసి అప్పుడు తిన్నగా గీయాలి. అలా గీసినదాన్ని పేజీ తిప్పి చూస్తే తలకిందులుగా ఉంటుంది. ఉండాలి.

ఒప్పించడానికి రెండో రకం కూడా చేయించండి. బిళ్లకు దారం బదులు చీపురుపుల్ల. రెండు బిళ్లలు తీసుకుని, ఒకదాని మీద చిలక, ఒకదాని మీద పంజరం, రెండూ తిన్నగానే గీసి, మధ్యలో నిలువుగా పుల్ల పెట్టి వీపులు అతికించాలి. పుల్లను అరచేతుల మధ్య మజ్జిగ కవ్వంలా తిప్పితే చిలక బుద్ధిగా పంజరంలో కూర్చుంటుంది. ఇక్కడ పుల్ల నిలువు, కాబట్టి పేజీ లెక్క సరిపోయింది. ఇరుసు అడ్డమా నిలువా అన్నదాన్ని బట్టి రెండో బొమ్మ వాటం మారుతుంది. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూశాక మూడో తరగతి పిల్లలు కూడా మనం చెప్పకుండానే ఆ మాట చెప్పేస్తారు.

చొక్కా గుండీ ఆట మన ఊళ్లలో అందరికీ తెలుసు. గుండీ రెండు కన్నాల్లోంచి దారం దూర్చి, రెండు చేతులా లాగి వదులుతుంటే జుయ్యిమంటుంది. సోడా మూత చదును చేసి కూడా చేస్తారు. అందులో కన్నాలు నడిమధ్యన పక్కపక్కనే ఉంటాయి కాబట్టి బిళ్ల చక్రంలా తిరుగుతుంది, తిరగబడదు. అదే దారం, అదే లాగుడు. కన్నాలు అంచుకు జరిపితే బొమ్మ మారిపోయింది. ఈ రెండూ ఒకేసారి చేతికిచ్చి చూడండి, ఎవరూ పాఠం చెప్పమని అడగరు.

తిప్పే పద్ధతి. ఉచ్చుల్లో చూపుడువేళ్లు దూర్చి, తాడాటలో తాడు తిప్పినట్టు బిళ్లను గాలిలో ముప్పై నలభై చుట్లు తిప్పి మెలి ఎక్కించాలి. తర్వాత రెండు చేతులూ దూరంగా లాగాలి, కానీ గుంజకూడదు. మెలి విడిపోయే క్షణాన కొంచెం వదులు చేస్తే బిళ్ల తన ఊపుతో అటువైపు మెలిపెట్టుకుంటుంది. మళ్లీ లాగాలి. వదులు చేయడం రాక చాలామంది బిగబట్టి లాగుతూనే ఉంటారు, బిళ్ల ఆగిపోతుంది. చిన్న పిల్లలకు ఒక చివర తలుపు గొళ్లేనికి తగిలించి ఇవ్వండి, ఒక్క చేత్తో లాగడం తొందరగా పట్టుబడుతుంది.

బిళ్ల సెకనుకు సుమారు పది చుట్లు తిరిగితే రెండు బొమ్మలూ కలిసిపోతాయి. అంతకంటే నెమ్మదిగా ఉంటే చిలక, పంజరం, చిలక, పంజరం అని మినుకుమినుకుమంటూ విడివిడిగా కనబడతాయి. కలిసిన బొమ్మ మాత్రం వెలిసినట్టు ఉంటుంది. పంజరం కమ్మీ ఉన్నచోట వెనకవైపు తెల్లకాగితం కదా, కంటికి సగం సేపు నలుపు, సగం సేపు తెలుపు చేరుతుంది, రెండూ కలిస్తే బూడిద రంగే. ఎరుపు రంగు గులాబీ రంగులా కనబడుతుంది. అందుకే పెన్సిలు బొమ్మలు, లేత క్రేయాన్ బొమ్మలు తిప్పగానే మాయమైపోతాయి. గీత 2 మిల్లీమీటర్ల మందాన నల్లగా ఉండాలి. వెనక ఆకాశం అంతా నీలం పూయడం పిల్లలకు సరదా, కానీ ఆ నీలం రెండో బొమ్మ మీద ముసుగులా పడుతుంది. రంగు బొమ్మ లోపలే ఉండాలి, చుట్టూ తెల్లగా వదిలేయాలి.

బొమ్మలు మనవే ఎంచుకోండి. టెక్కలి దగ్గర తేలినీలాపురం పిల్లలైతే ఒకవైపు చెట్టు, రెండోవైపు అక్కడికి వలస వచ్చే పెలికాన్ పక్షులు. ఇక్కడివాళ్లయితే ఒకవైపు పైడితల్లి పండగలో ఊరేగించే సిరిమాను, రెండోవైపు దాని కొసన కూర్చునే పూజారి. సిరిమాను కొంచెం చిక్కైనది. పూజారి సరిగ్గా మాను కొసన పడాలి, 5 మిల్లీమీటర్లు జరిగినా గాలిలో కూర్చుంటాడు. దానికి ఉపాయం: మొదటి బొమ్మ గీశాక మాను కొస దగ్గర గుండుసూదితో పొడవండి. తిరగేస్తే చుక్క తేలి ఉంటుంది, అక్కడ గీయమనండి. కిటికీ అద్దానికి ఆనించి వెలుతురులో గీయొచ్చు కానీ, రెండు పొరల శుభలేఖలోంచి అంత వెలుతురు రాదు.

బొమ్మల కంటే అక్షరాలు కఠినమైన పరీక్ష. బొమ్మ కొంచెం పక్కకు జరిగినా కన్ను సర్దుకుంటుంది, అక్షరం జరిగితే చదవలేం. విజయనగరం ఆరు అక్షరాలు. మధ్యగీత మీద ఆరు గళ్లు వేసి, ఒకవైపు మొదటి, మూడో, ఐదో గళ్లలో వి, య, గ రాయండి. రెండోవైపు రెండు, నాలుగు, ఆరు గళ్లలో జ, న, రం. తిప్పితే ఊరి పేరు. శ్రీకాకుళం అయితే ఒకవైపు శ్రీ, కు, రెండోవైపు కా, ళం. అట్టు తిరగేసినట్టు తిరగేస్తే కుడి ఎడమలు మారవు కాబట్టి గళ్ల లెక్క రెండువైపులా ఎడమ నుంచే.

గుణింతం చెప్పేవాళ్లకు ఇంకొక రకం. ఒకవైపు తలకట్టు తీసేసిన ప, రెండోవైపు ఆ తలకట్టు ఉండాల్సిన చోట గుడి ఒక్కటే. తిప్పితే పి. ఏత్వం పెడితే పే. అదే పద్ధతిలో పు చేయబోతే పిల్లలు ఆగుతారు: కొమ్ము ఒక్కటే రాస్తే సరిపోవట్లేదు, తలకట్టు కూడా కావాలి. గుడి వస్తే తలకట్టు పోతుంది, కొమ్ము వస్తే ఉంటుంది. పలక మీద ఏళ్ల తరబడి రాస్తున్నా గమనించని సంగతి ఈ బిళ్ల దగ్గర పట్టేస్తారు.

ఫోనులో వీడియో తీసి "రావట్లేదు" అనేవాళ్లు ఉంటారు. ఎండలో ఫోను ఒక్కో ఫొటోనీ చాలా తక్కువ సేపట్లో తీసేస్తుంది, దాంతో ఒక ఫొటోలో చిలకే, ఇంకో ఫొటోలో పంజరమే పడతాయి. కంటితో చూడమనండి.

ఇక మనం చేసే రెండో ఆటబొమ్మ, చీలికల చక్రం. దీనికి ఒక గంట పడుతుంది, నాలుగో తరగతి దాటిన పిల్లలకు బాగుంటుంది. తిప్పుడుబిళ్లలో రెండు బొమ్మలు కలుస్తాయి కానీ ఏదీ కదలదు. ఇందులో కదులుతుంది. 1832లో బెల్జియంలో జోసెఫ్ ప్లాటో, అదే కాలంలో ఆస్ట్రియాలో సైమన్ స్టాంఫర్, ఒకరితో ఒకరికి సంబంధం లేకుండా దీన్ని చేశారు. తర్వాత రోజుల్లో ప్లాటోకు చూపు పూర్తిగా పోయింది.

ఎనిమిది అంగుళాల టిఫిను పళ్లెం బోర్లించి అట్ట మీద గుండ్రంగా గీయండి, 20 సెంటీమీటర్లు వస్తుంది. అదే కొలతకు ఒక పల్చని కాగితం కత్తిరించి మూడుసార్లు సగానికి మడిస్తే ఎనిమిది భాగాలు, మడతలన్నీ కలిసేచోట కేంద్రం. ఆ కాగితాన్ని అట్ట మీద పరిచి గుర్తులు దింపుకోవాలి. ప్రతి మడత గీత మీదా అంచు నుంచి అర సెంటీమీటరు వదిలి, లోపలికి రెండున్నర సెంటీమీటర్ల పొడవున, 3 మిల్లీమీటర్ల వెడల్పున చీలిక కోయాలి. ఇది బ్లేడు పని, పెద్దవాళ్లదే. చీలిక 6 మిల్లీమీటర్లు అయితే బొమ్మ పేడలా అలుక్కుపోతుంది. 1 మిల్లీమీటరు అయితే చీకటే కనిపిస్తుంది. వీపువైపు నల్లరంగు పూయాలి, లేకపోతే ఆ తెలుపు కంట్లో కొడుతుంది, చీలికలోంచి కనిపించే బొమ్మ వెలవెలబోతుంది.

చీలికల మధ్య ఎనిమిది అరల్లో ఎనిమిది బొమ్మలు గీయాలి. మొదటిసారి ఎగిరే బంతి మంచిది. కేంద్రం నుంచి 3 సెంటీమీటర్ల దూరంలో ఒక వృత్తం గీయండి, అది నేల. అంచు వైపు పైకి. బంతి 6 మిల్లీమీటర్లు. నేల నుంచి బంతి అడుగు ఎంత ఎత్తున ఉండాలో రాసుకోండి, మిల్లీమీటర్లలో: 0, 14, 24, 30, 32, 30, 24, 14. అంతే, మళ్లీ 0.

ఈ అంకెలు ఎక్కడివి అంటారా? పైకి విసిరిన బంతి సమానమైన వ్యవధుల్లో ఎక్కడెక్కడ ఉంటుందో అవి. కింద వేగంగా ఉంటుంది, పైన మందగిస్తుంది. మొదటి అడుగు 14, తర్వాత 10, తర్వాత 6, తర్వాత 2. నాలుగేసి తగ్గుతోంది చూశారా. చాలామంది 0, 8, 16, 24, 32 అని సమానంగా గీస్తారు. అప్పుడు బంతి ఎగరదు, బావిలో చేదలా పైకి కిందికి లాగినట్టుంటుంది. రెండు చక్రాలూ చేసి పక్కపక్కన తిప్పించండి, తేడా చిన్న పిల్లలకు కూడా తెలుస్తుంది. ఎందుకో చెప్పలేకపోవచ్చు, "ఇది బంతి, అది కాదు" అంటారు. నేల మీద ఉన్న బంతిని కొంచెం నొక్కినట్టు వెడల్పుగా గీస్తే ఇంకా జీవం వస్తుంది.

కేంద్రంలో బోర్డు పిన్ను గుచ్చి, వెనక ఒక పూస పెట్టి, పెన్సిలు రబ్బరు కొసకు గుచ్చండి. పూస లేకపోతే అట్ట రబ్బరుకు రాసుకుని రెండు చుట్లకే ఆగిపోతుంది. బీరువా అద్దం ముందు నిలబడి, బొమ్మలవైపు అద్దానికి, నల్లవైపు కంటికి పెట్టుకుని, ఒక కన్ను మూసి, చీలికల్లోంచి అద్దంలోకి చూస్తూ తిప్పాలి. సెకనుకు ఒకటిన్నర చుట్లు చాలు, అంటే పన్నెండు బొమ్మలు. బంతి ఏ వైపు తిప్పినా ఎగురుతుంది, ఎందుకంటే ఎక్కడం దిగడం ఒకేలా గీశాం. నడిచే మనిషిని గీస్తే మాత్రం రెండోవైపు తిప్పినప్పుడు వెనక్కి నడుస్తాడు. చీలికలు ఎనిమిది, బొమ్మలు ఏడు గీసిన చక్రం కూడా ఒకటి చేసి చూడండి. బొమ్మలు ఒకచోట నిలవవు, చక్రం చుట్టూ జరిగిపోతుంటాయి. పొరపాటున లెక్క తప్పిన పిల్లలది అందరికంటే బాగుంటుంది.

ఒక్క జాగ్రత్త. మూర్ఛ వచ్చే పిల్లలు ఉంటే మినుకుమినుకు వెలుగు వాళ్లకు పడకపోవచ్చు. ఇంట్లోవాళ్లను అడిగాకే వాళ్ల చేత చీలికల్లోంచి చూపించండి.

ఇప్పుడు పిల్లలు అడిగేది, మనం తొందరపడి జవాబు చెప్పేది. "కంట్లో బొమ్మ కాసేపు నిలుస్తుంది, అందుకే సినిమా కదులుతుంది" అని చెప్పేస్తాం. తిప్పుడుబిళ్లకు ఆ జవాబు సరిపోతుంది. చిలక ఆరిపోకముందే పంజరం వచ్చి చేరింది. బంతికి సరిపోదు. చీలికలు లేకుండా చక్రాన్ని నేరుగా చూస్తూ తిప్పమనండి. ఏం కనబడుతుంది? బూడిద రంగు పట్టీ. ఎనిమిది బంతులూ నిలిచిపోయి ఒకదాని మీద ఒకటి పూసుకున్నాయి. నిలకడ వల్ల వచ్చేది అదే, అలుకుడు. చీలిక చేసే పని ఆ అలుకుడును కోసేయడం. బొమ్మ కనబడాలి, చీకటి పడాలి, తర్వాతి బొమ్మ కనబడాలి. ఇక్కడున్న బంతీ అక్కడున్న బంతీ ఒకటేనని, మధ్యలో ప్రయాణించిందని కలిపేది మెదడు. మాక్స్ వెర్తైమర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త జర్మనీలో రెండు గీతలను ఒకదాని తర్వాత ఒకటి చూపించి ఈ సంగతి మీద పరీక్షలు చేసి, 1912లో ప్రచురించాడు. రీలు తిరిగే పాత సినిమా ప్రొజెక్టరులోనూ ఇదే. సెకనుకు 24 బొమ్మలు, ఒక బొమ్మ పోయి ఇంకొకటి వచ్చేలోగా రెక్క అడ్డం పడి తెర చీకటయ్యేది. మన అట్ట చీలికల మధ్య ఉన్న నల్లభాగమే ఆ రెక్క.

వెనక నుంచి ఎవరో అడుగుతున్నారు... అద్దం లేని బడిలో ఎలా అని. మంచి ప్రశ్న. ఒక పొడవాటి వెదురుపుల్లకు రెండు చక్రాలు ఎక్కించండి. కంటికి దగ్గరగా ఉన్నదానికి చీలికలు మాత్రమే, నల్లగా. జానెడున్నర అవతల ఉన్నదానికి బొమ్మలు మాత్రమే, మనవైపు తిరిగి. రెండూ పుల్లకు బిగిసి ఉండాలి, ఒకటి తిరిగితే రెండోదీ అంతే తిరగాలి. ఒకటి జారిందా, బంతి పక్కకు పాకుతుంది. జారకుండా అట్టకు రెండువైపులా పుల్ల చుట్టూ రబ్బరు బ్యాండు నాలుగు చుట్లు బిగించండి. పుల్లను రెండు కుర్చీల వీపుల మీద అడ్డంగా పెడితే ఒకరు తిప్పుతుంటే ఒకరు చూడొచ్చు. బొమ్మల చక్రం మీద ఎండ పడేలా గుమ్మం దగ్గర పెట్టుకోండి, చూసేవాళ్లు నీడలో ఉండాలి.

సరే, గాజులు తీసుకోండి. చిలక ముందు, బంతి మధ్యాహ్నం.